మేలో చూసుకుందాం

వారమంతా నేను బస్సు నడుపుతాను. శనివారం నోరు నడుపుతాను. మెల్‌డెన్ టౌన్ ఫుట్‌బాల్ మైదానంలో, పెద్ద స్టాండు కప్పు కింద, పావురాలు కూడా వద్దనుకున్న గాజు గది ఒకటుంది. అందులో కూర్చుని మైకులో జట్టు పేర్లు చదివేది, గోలు పడితే గోల చేసేది, గేటుకి అడ్డంగా పెట్టిన నీలం కారు ఎవరిదని నిలదీసేది నేనే, లెన్ షార్‌పుల్స్‌ని. నా గొంతుకి మైకు అక్కర్లేదని మా ఆవిడ గేనర్ అంటుంది. మైకుకి నా గొంతు అక్కర్లేదని తక్కిన ఊరు అంటుంది. దీనికి జీతం లేదు. ఆట మధ్య విరామంలో ఒక కప్పు టీ, ఒక మాంసం పై ఇస్తారు. ఆ పై కూడా మా ఇంట్లోంచి వెళ్ళిందే.

మా ఇల్లంటే కింద బేకరీ, మీద మేము. బోర్డు మీద ‘బార్‌ట్రామ్ అండ్ డాటర్’ అని ఉంటుంది. బార్‌ట్రామ్ అంటే మా మామ అల్బీ. డాటర్ అంటే నా పెళ్ళాం. అల్లుడి పేరు కూడా రాయించొచ్చుగా మామా అంటే, “భోజనం బల్ల దగ్గర చోటిచ్చాంగా, బోర్డు మీద కూడా కావాలా?” అనేవాడు. మాంసం, బంగాళాదుంపలు కూరి కాల్చిన పైలు వాళ్ళ ఇంటి విద్య. మెల్‌డెన్‌లో పైవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, పై వాళ్ళం మాత్రం మేమొక్కళ్ళమే.

ఊళ్ళో తోళ్ళ పరిశ్రమ పోయి రెండు తరాలైంది. మైదానం ఉన్న వీధిని ఇంకా టానరీ లేన్ అనే అంటాం, జట్టుని తోళ్ళవాళ్ళనే పిలుస్తాం. మీ తోలు తీస్తాం అని అవతలి జట్టు అభిమానులు పాడతారు. ముందే తీసి అమ్ముకున్నాం పొండి అని మేం పాడతాం. మా ఒంటిమీద ఇంకా కొంత తోలు మిగిలే ఉందని మాకు తెలిసింది, ట్రెంట్ హాలోవెల్ క్లబ్బుని కొన్న సీజన్లోనే.

హాలోవెల్‌ది ఫ్లోరిడా. అక్కడ బండ్లు నిలుపుకునే చోట్లు అద్దెకిచ్చి కోట్లు గడించాడట. చోట్లతో వచ్చిన కోట్లు ఎక్కడో ఒకచోట పెట్టాలి గదా, జూలైలో మా క్లబ్బు మీద పెట్టాడు. ఆగస్టులో మొదటి ఆటకి ఆ ఎండలో ఉన్ని మఫ్లరు మెడకి చుట్టుకుని, మైదానం చుట్టూ చెయ్యూపుతూ నడిచాడు. ఊరు ఊరంతా లేచి నిలబడింది. ముందటేడు దివాలా అంచుదాకా వెళ్ళొచ్చిన క్లబ్బు మాది. ఒడ్డున పడేసిన చేపకి బకెట్టు కనిపించినా సముద్రంలాగే ఉంటుంది.

“పెద్దమనుషులారా,” అన్నాను మైకులో, “బండ్లు ఆపే ఆయన వచ్చేశారు. బంతులు ఆపేవాణ్ణి కూడా ఒకణ్ణి పట్టుకొస్తే ఇక మనకి తిరుగులేదు.”

మా గోల్‌కీపరు కింద నుంచి నాకు వేలు చూపించాడు. హాలోవెల్ పగలబడి నవ్వాడు. మంచివాడిలాగే నవ్వాడు. ఆ మాట నేనిప్పటికీ కాదనను.

ఆట విరామంలో, డబ్బున్నవాళ్ళు కూర్చునే అద్దాల గదుల్లో ఆయన కోసం బల్ల వేసి ఉంచారు. ఆయన అక్కడికి పోకుండా స్టాండు కింద మేం పైలు అమ్మే కిటికీ దగ్గరికి వచ్చి, అందరితో పాటు వరసలో నిలబడ్డాడు. నేను నా టీ కోసం అప్పుడే దిగి వచ్చాను, అంతా చూశాను.

“ఇవి ఎవరు చేస్తారు?” అన్నాడు ఒక ముక్క కొరికి.

“మా అమ్మాయి చేస్తుంది. నేను వంకలు పెడతాను,” అన్నాడు మామ.

హాలోవెల్ కళ్ళు మూసుకుని తిన్నాడు. గ్రేవీ కారి కొత్త మఫ్లరు మీద పడింది, చూసుకోలేదు. తినడం అయ్యాక పర్సు తీశాడు. మామ చెయ్యి అడ్డం పెట్టాడు.

“క్లబ్బు వాళ్ళ దగ్గర తీసుకోం. మేలో చూసుకుందాం.”

“మేలో ఏం చూసుకుంటాం?”

మామ చెప్పాడు. ఆగస్టు నుంచి మే దాకా ప్రతి ఆటకీ పైలు ఇస్తాం. అమ్మిన డబ్బు క్లబ్బు గల్లాలోకి పోతుంది. సీజను మధ్యలో బిల్లు పంపే అలవాటు బార్‌ట్రామ్‌లకి లేదు. చివరి ఆట అయ్యాక మేడమీద హాల్లో పైలు, బఠాణీలతో విందు ఉంటుంది. అప్పుడు ఛైర్మన్ అల్బీని కిటికీ పక్కకి తీసుకెళ్ళి ఒక కవరు చేతిలో పెడతాడు. ఇద్దరూ చేతులు కలుపుకుంటారు. మామ దాన్ని అక్కడ విప్పడు. బాగా ఆడిన ఏడు కవరు లావుగా ఉండేది, ఆడని ఏడు మామ లావుగా ఉన్నట్టు కనిపించేవాడు. ఒక ఏడైతే కవరు బదులు గోలు వలలో ముక్క కోసి ఇచ్చారు. దాన్ని పటం కట్టించి దుకాణంలో పెట్టుకున్నాడు మా మామ. డబ్బుని పటం కట్టించినవాణ్ణి నేనెక్కడా చూడలేదు, డబ్బు రానిదాన్ని కట్టించినవాణ్ణి చూశాను.

“అంటే పది నెలలు మీరు సరుకిస్తారు. కాగితం లేదు, కాంట్రాక్టు లేదు,” అన్నాడు హాలోవెల్.

“చెయ్యి ఉందిగా,” అన్నాడు మామ.

హాలోవెల్ ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. “మీ దేశం నాకు భలే నచ్చిందండీ,” అన్నాడు.

ఆ మాటకి మామ వారం రోజులు మురిసిపోయాడు. వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. గేనర్ బల్ల తుడుస్తూ విని విని, “ఆయనకి నచ్చింది దేశం కాదు నాన్నా,” అంది.

అక్టోబరు దాకా మేం పట్టిందల్లా బంగారం. హాలోవెల్ డబ్బు గుమ్మరించాడు. పేర్లు పలకడానికే నాకు నాలుక తిరగని ఆటగాళ్ళని తెచ్చాడు. కొత్త దీపాలు వచ్చాయి, అద్దాల గదుల్లో తివాచీలు పడ్డాయి. గెలిచిన శనివారాలు ఊరికి మొహం కడిగినట్టుండేది. సోమవారం పొద్దున బస్సెక్కేవాళ్ళు నాకు గుడ్‌మార్నింగ్ కూడా చెప్పేవాళ్ళు. మెల్‌డెన్‌లో అదో వింత.

అద్దాల గదుల్లోవాళ్ళకి చిన్న పైలు కావాలన్నారు, పైన క్లబ్బు గుర్తు అచ్చు వేసి. జనం రెట్టింపయ్యారు, పైలూ రెట్టింపయ్యాయి. ఉన్న పొయ్యి చాలక గేనర్ కిస్తుల మీద ఇంకో పెద్ద పొయ్యి తెచ్చింది. దాన్ని లోపలికి తేవడానికి దుకాణం తలుపు విప్పదీయాల్సొచ్చింది. మామ ఆ పొయ్యి చుట్టూ తిరిగి చూసి, “దీన్లో మనం ముగ్గురం కాపరం పెట్టొచ్చు,” అన్నాడు.

మామకి మే నెల ఉంది గానీ, మాంసం కొట్టు హెన్షల్‌కి లేదు. పిండి మిల్లు వాళ్ళకీ లేదు. వాళ్ళకి నెలకొక మే. నవంబరులో ఒక ఆదివారం పొద్దున, టోస్టు మీద వెన్న రాస్తూ గేనర్ మొదలుపెట్టింది.

“క్లబ్బుకి ఇప్పటిదాకా అయినదానికి బిల్లు పంపుతున్నా నాన్నా.”

“ఏ క్లబ్బుకి?”

“మనకి ఎన్ని క్లబ్బులున్నాయి?”

“మనదానికి బిల్లు పంపవు నువ్వు,” అన్నాడు మామ. “మా అమ్మ పంపలేదు. నేను పంపలేదు. యుద్ధంలో పైల్లోకి మాంసం దొరక్క ముల్లంగి పెట్టిన రోజుల్లో కూడా పంపలేదు.”

“అప్పుడు కిస్తులు లేవు.”

“అప్పుడు మాంసమే లేదు.”

“లెన్, నువ్వు చెప్పు,” అని నా వైపు తిరిగింది.

“అల్లుడికి బోర్డు మీద చోటు లేదు,” అన్నాను. ఇద్దరూ నవ్వారు, బిల్లు వెళ్ళలేదు. ఆ సంవత్సరం ఆ బల్ల దగ్గర ఇద్దరూ కలిసి నవ్వడం అదే చివరిసారి అనుకుంటాను.

క్రిస్మస్‌కి ముందే హాలోవెల్ రావడం మానేశాడు. ఫ్లోరిడాలో ఆయన చోట్ల మీద కోర్టులో ఏవో తగాదాలని పేపర్లో వేశారు. చోట్లు పోతే కోట్లు ఉంటాయా. జనవరిలో ఆటగాళ్ళకి జీతాలు ఆగాయి. అప్పుడు తేలిన సంగతి ఏమిటంటే, ఆయన ఆగస్టు నుంచి మా మీద గుమ్మరించింది సొంత డబ్బే గానీ, ఇచ్చిన డబ్బు కాదు. అప్పు. క్లబ్బు ఆయనకి బాకీ. దానికి హామీ మా మైదానం. మేం దాత అనుకున్నవాడు ఋణదాత. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా లోటు లేదంటారు. మావాడు మొదటి బంతి నుంచీ వడ్డించలేదు, వడ్డీ వేశాడు.

నేను మైకులో ఈ ముక్కలన్నీ అన్నాను. జనం నవ్వారు. నవ్వితే నోట్లోంచి పొగలొచ్చే చలి, అది తప్ప ఆ నవ్వులో వేడి లేదు.

జనవరి చివర్లో ఒక శనివారం, పైల ట్రేలు వ్యానులోకి ఎక్కించాక గేనర్ డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పలేదు. నేను పక్కన కూర్చున్నాను. అద్దం అంచుల్లో మంచు పట్టి ఉంది.

“హెన్షల్ ఇవాళ నగదిస్తేనే మాంసమిచ్చాడు,” అంది. “మా నాన్నా వాళ్ళ నాన్నా కలిసి బడికెళ్ళారు. కళ్ళలోకి చూళ్ళేకపోయాడు పాపం.”

“మరేం చేద్దాం?”

“ఇవాళ నేను తీసుకెళ్ళను లెన్. వాళ్ళే వచ్చి అడగనీ. ఎందుకు తేలేదో ఒక్కసారి వాళ్ళ నోటితో అడగనీ.”

మామ దుకాణం మెట్ల మీద నిలబడి అంతా విన్నాడు. వచ్చి వ్యాను వెనక తలుపు తెరిచి ఒక ట్రే దించాడు. పెరట్లో బొగ్గుకి వాడే తోపుడు చక్రం బండి ఉంది, దాని మీద దుప్పటి పరిచి ట్రే పెట్టాడు. ఇంకో ట్రే పెట్టాడు. ఎనభై దాటిన మనిషి, నెత్తిన టోపీ, చేతికి తొడుగుల్లేవు, మంచుగడ్డ కట్టిన రోడ్డు మీద ఆ బండి తోసుకుంటూ టానరీ లేన్ వైపు బయల్దేరాడు. చక్రం ఒకటి కీచుమంటోంది. ఆటకి వెళ్ళేవాళ్ళు పక్కకి తప్పుకుంటున్నారు. ఎవరో “ఏం అల్బీ, వ్యాను తాకట్టు పెట్టావా?” అన్నారు. “దీనికి పెట్రోలు అక్కర్లేదోయ్,” అని వినిపించింది మామ గొంతు.

మూల తిరిగేదాకా గేనర్ ఆయన వీపునే చూసింది. తర్వాత తాళం తిప్పింది. ఆయన పక్కకి వచ్చాక అద్దం దించి, “ఎక్కు నాన్నా,” అంది. బండీ ట్రేలూ వెనక ఎక్కించాక ఆయనా ఎక్కాడు. మైదానం దాకా ముగ్గురం ఏం మాట్లాడుకోలేదు. నా జీవితంలో నేను ఊరుకున్న దూరాల్లో అదే పెద్దది.

ఫిబ్రవరిలో క్లబ్బు దివాలా తీసింది. లీగు వాళ్ళు శిక్షగా మా పాయింట్లు కోసేశారు. వ్యవహారాలు చూడటానికి మాంచెస్టర్ నుంచి మిస్ కెర్షా అని లెక్కలావిడ వచ్చింది. చిన్న మనిషి, సన్నటి గొంతు. బాకీ రావాల్సినవాళ్ళందరి దగ్గరికీ తనే స్వయంగా తిరిగింది, అందుకు మెచ్చుకోవాలి. మా దుకాణానికి మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. ముందు ఒక పై అడిగి, డబ్బులు బల్ల మీద పెట్టి, చిల్లర తీసుకుని, అప్పుడు ఎవరో చెప్పుకుంది. ఆ సీజన్లో క్లబ్బు వైపు నుంచి మా గల్లాలో పడిన డబ్బు అదొక్కటే.

“మీకు రాతపూర్వకంగా ఏమైనా ఉందాండీ?” అని అడిగింది.

“ఎన్ని పంపామో నా దగ్గర రాసుంది,” అంది గేనర్. “వాళ్ళ దగ్గరా ఉంటుంది.”

“ఉంది. మీ లెక్కా వాళ్ళ లెక్కా కలిశాయి. అది చాలు. ఇబ్బంది అది కాదు.” ఆవిడ పై మీద చెయ్యి పెట్టుకుని, తినకుండా, మెల్లగా చెప్పింది. “కొనడానికి ఒక నార్వే కుటుంబం ముందుకొచ్చింది. వాళ్ళిచ్చే డబ్బు పరిమితం. ఆట నియమం ప్రకారం ముందు ఫుట్‌బాల్ వాళ్ళకి పూర్తిగా ఇచ్చేయాలి. ఆటగాళ్ళ జీతాలు, వేరే క్లబ్బుల నుంచి ఆటగాళ్ళని కొన్న బాకీలు. అది ఇవ్వకపోతే లీగులో ఉండనివ్వరు. తర్వాత మిగిలింది తక్కినవాళ్ళకి పంచుతాం.”

“తక్కినవాళ్ళంటే?” అన్నాడు మామ.

“మీరు. అంబులెన్సు వాలంటీర్లు. బట్టలుతికే ఆయన. టికెట్లు అచ్చువేసే ఆయన.”

“ఎంతొస్తుంది?”

“వంద పెన్నీల పౌనుకి రెండు మూడు పెన్నీలు రావచ్చండీ.”

గేనర్ వెనక్కి తిరిగి పొయ్యి తలుపు తీసి చూసింది. పొయ్యిలో ఏం లేదు. మళ్ళీ మూసింది.

మామకి డబ్బు సంగతి చెవిన పడలేదనుకుంటాను. ముందు మాట దగ్గరే ఆగిపోయాడు. “పోయిన శనివారం ఆడిన తొమ్మిదో నంబరుగాడు,” అన్నాడు, “సెప్టెంబర్లో వచ్చాడు. మన ఊరి పేరు కూడా సరిగ్గా పలకడు. వాడు ఫుట్‌బాల్ వాడు.”

“అవునండీ.”

“మేం ఫుట్‌బాల్ వాళ్ళం కాదా అమ్మాయ్?”

మిస్ కెర్షా పై వైపు చూసింది. “నియమం ప్రకారం కాదండీ,” అంది.



ఆ శనివారం మామ జలుబు చేసిందని ఆటకి రాలేదు. మరుసటి శనివారం మోకాలు నొప్పన్నాడు. ఆ తర్వాత ఏ వంకా చెప్పలేదు. టోపీ మేకుకి తగిలించే ఉండేది. దుకాణం కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వీధి చూస్తూ కూర్చునేవాడు. రెండు వీధుల దూరమే కాబట్టి నేను మైకులో వాగేదంతా అక్కడికి వినపడుతుంది. గోలు పడినప్పుడు జనం అరుపూ వినపడుతుంది. గేనర్ చెప్పేది, గోలు పడినప్పుడు ఆయన తల కూడా తిప్పడని.

బాకీ రావాల్సినవాళ్ళ సమావేశం ఏప్రిల్‌లో, మేడమీద హాల్లోనే పెట్టారు. మే విందు జరిగే హాలు. గోడల నిండా పాత జట్ల ఫొటోలు, మీసాలవాళ్ళు, మీసాలు లేనివాళ్ళు. నార్వే వాళ్ళ ప్రతిపాదనకి ఒప్పుకుంటామా లేదా అని వోటు. ఒప్పుకోకపోతే క్లబ్బు మూత. బాకీ ఎంతుంటే వోటుకి అంత బరువు. అందరికన్నా ఎక్కువ బాకీ ఎవరికి? హాలోవెల్‌కి. పడవకి చిల్లు పెట్టినవాడే పడవలో పెద్ద వాటాదారు. నార్వే వాళ్ళు మైదానాన్ని ఆయన తాకట్టు నుంచి దండిగానే ఇచ్చి విడిపించుకుంటున్నారు కాబట్టి, ఆయన ఒప్పుకున్నాడు. ఆయన లాయరు గోడ మీద తెరలో కనిపించి, మూడు ముక్కలు చెప్పి, మాయమయ్యాడు. అంతటితో వోటు అయిపోయినట్టే. ఆ గదిలో మా అందరి వోట్లూ కలిపినా ఆయన వోటు బరువులో పావు వంతు లేదు.

అయినా మిస్ కెర్షా పద్ధతి ప్రకారం, “ఇక్కడున్నవాళ్ళలో అనుకూలంగా ఎవరు?” అని అడిగింది.

బట్టలుతికే కాలిన్ కిందికి చూశాడు. అంబులెన్సు వాలంటీర్ల తరఫున వచ్చిన ముసలావిడ కళ్ళజోడు తుడుచుకుంది. మామ రాలేదు, ఆయన బదులు గేనర్ వచ్చింది. ఏం చేస్తావని నేను దారిలో అడగలేదు. అడిగే హక్కు నాకు లేదనిపించింది. ఆ పొయ్యి కిస్తులు నావి కావు, ఆ చేతులు నావి కావు.

గేనర్ చెయ్యెత్తింది. బడిపిల్లలా నిటారుగా కాదు. మోచెయ్యి బల్ల మీదే ఆనించి, అరచెయ్యి పైకి. గోళ్ళ సందుల్లో పిండి ఉంది. ఆ తర్వాత ఒక్కొక్క చెయ్యే లేచింది.

మెట్లు దిగుతున్నప్పుడు అడిగాను. “వాళ్ళకి నీ చెయ్యి అక్కర్లేదు. ఎందుకెత్తావు?”

“క్లబ్బు బతికుంటే ఎప్పుడో ఒకప్పుడు నాన్న వెళ్తాడు,” అంది. “లేకపోతే ఆయన శనివారాలు ఎక్కడికి పోతాడు లెన్?”

పౌనుకి రెండు పెన్నీలు వచ్చాయి. మూడోది లేదు. పెద్ద పొయ్యిని కిస్తుల వాళ్ళు పట్టుకుపోయారు. అది బయటికి పోవడానికి దుకాణం తలుపు మళ్ళీ విప్పదీయాల్సొచ్చింది. హెన్షల్ బాకీ తీర్చడానికి వ్యాను అమ్మాం. చిన్న పొయ్యి కూడా గుడ్‌ఫ్రైడే నాటికి చల్లారింది. గేనర్ ఊరి చివర సూపర్‌మార్కెట్లో రొట్టెల కౌంటరు దగ్గర చేరింది. అక్కడ గడ్డకట్టిన పిండి లారీలో వస్తుంది, దాన్ని వేడి చేసి ‘తాజా’ అని చీటీ అంటించాలి. పొద్దున నా మొదటి బస్సులోనే వెళ్తుంది. టికెట్టు కొనుక్కుని వెనక సీట్లో కూర్చుంటుంది. డ్రైవరుతో మాట్లాడరాదు అని బోర్డుంది కదా, పాటిస్తున్నా అంటుంది.

క్లబ్బు మాత్రం నిలబడింది. మే మొదటి శనివారం చివరి ఆటలో ఒక్క గోలుతో గెలిచి, ఒక్క పాయింటుతో లీగులో మిగిలింది. జనం కంచె దూకి మైదానంలోకి పరిగెత్తారు. పెద్దవాళ్ళు గడ్డి పీక్కుని జేబుల్లో వేసుకున్నారు. తొమ్మిదో నంబరువాణ్ణి భుజాల మీద ఎత్తుకుని ఊరేగించారు. వాడి జీతం పూర్తిగా వచ్చింది, వాడు కొట్టిన గోలు పూర్తిగా పనికొచ్చింది, వాడి మీద నాకే కోపమూ లేదు. కొత్త యజమానులు నార్వే చేపల చెరువుల వాళ్ళు. చోట్లాయన పోయి చేపలాయన వచ్చాడు. వల వేయడం బాగా తెలిసిన కుటుంబం. వాళ్ళూ మా మఫ్లర్లు చుట్టుకుని నవ్వుతూ చెయ్యూపారు. ఊరు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

ఆ రోజు విరామంలో చదవమని ఆఫీసువాళ్ళు నాకొక చీటీ ఇచ్చారు. ఇకనుంచి మైదానంలో పైలు ఫలానా కంపెనీ వారివి అని. ప్రెస్టన్ వైపు ఎక్కడో ఉన్న ఫ్యాక్టరీ. ఉన్నది ఉన్నట్టు చదివేసి మైకు కట్టేశాను. గాజులోంచి కిందికి చూస్తే, స్టాండు కిందికి పోయే వరసలో గేనర్ నిలబడి ఉంది. ఆటకి వస్తున్నట్టు నాతో అనలేదు. తన ముందు ముగ్గురున్నారు. వాళ్ళలో ఎవరో తనని గుర్తుపట్టి ముందుకి పొమ్మన్నట్టున్నారు, తల అడ్డంగా ఊపింది. తన వంతు వచ్చేదాకా నిలబడింది. ఆ కిటికీకి ఇవతల వైపు ఆమెని నేనెప్పుడూ చూడలేదు.

ఆట అయ్యాక ఇద్దరం కలిసి నడిచాం. వీధుల్లో పాటలు. మేడమీద విందు ఆ ఏడు లేదు. కొత్తవాళ్ళకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన మనిషి కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. మేం తలుపు తోసుకుని వెళ్ళేసరికి మామ అలాగే ఉన్నాడు. గెలిచామా అని అడగలేదు. అడగక్కర్లేదు కూడా, ఊరంతా కేకలే.

గేనర్ కోటు లోపల్నుంచి కాగితం పొట్లం తీసి ఆయన చేతిలో పెట్టింది.

“ఏంటిది?”

“వాళ్ళ పై.”

మామ పొట్లం విప్పాడు. అరచేతిలో పెట్టి బరువు చూశాడు. తిరగేసి అడుగు చూశాడు. బొటనవేలితో అంచు చుట్టూ నెమ్మదిగా నొక్కుకుంటూ వచ్చాడు.

“ఎంత తీసుకున్నారు?”

చెప్పింది.

“ఎప్పుడు?”

“ఎప్పుడేంటి నాన్నా. అక్కడే. కార్డు పెట్టేదాకా చేతికివ్వలేదు.”

మామ తల ఊపాడు.

“మంచి పద్ధతి,” అన్నాడు.

కత్తి తెమ్మన్నాడు. బల్ల మీద పెట్టి పైని మూడు ముక్కలు కోశాడు. సమంగా రాలేదు. పెద్ద ముక్క గేనర్ ముందుకి జరిపాడు.